సెంటీమీటరు దిగితే లీటరు: మేపుల్ సిరప్ కాచడానికి ఎంత పాన్ కావాలి?

లీటరు మేపుల్ సిరప్ కావాలంటే దాదాపు 42 లీటర్ల నీళ్లను ఆవిరి చేసి గాల్లోకి పంపాలి. చెట్టుకు బెజ్జం పెట్టడం, బకెట్ తగిలించడం, వడకట్టడం, సీసాల్లో పోయడం అన్నీ కలిపి ఒక ఎత్తు, ఈ 42 లీటర్లు ఒక్కటే ఒక ఎత్తు. వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్, అంటారియో లాంటి చోట్ల ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లలో పెరట్లో మేపుల్ చెట్లు ఉన్నవాళ్లు కొందరుంటారు. చలి ఇంకా పూర్తిగా పోకముందే పక్కింటాయన బకెట్లు తగిలిస్తుంటే మనకూ మనసు పుడుతుంది. ఇక అక్కణ్నుంచి మొదలవుతుంది ప్రశ్న: ఎంత పాన్ కొనాలి? చాలామంది పాన్‌లో ఎన్ని లీటర్లు పడతాయని చూస్తారు. చూడాల్సింది అది కాదు. పాన్ అడుగు ఎన్ని చదరపు అడుగులుందో చూడాలి.

ముందు ఆ 42 ఎక్కణ్నుంచి వచ్చిందో తేల్చుకుందాం. షుగర్ మేపుల్ చెట్టు నుంచి కారే రసంలో చక్కెర 2 శాతం అటూ ఇటుగా ఉంటుంది. లీటరు రసంలో 20 గ్రాములన్నమాట, చూడటానికి మంచినీళ్లలాగే ఉంటుంది. సిరప్ అనిపించుకోవాలంటే అది 66 శాతానికి చేరాలి. లీటరు సిరప్ 1.32 కిలోలు తూగుతుంది, అందులో చక్కెర సుమారు 870 గ్రాములు. 870ని 20తో భాగిస్తే 43న్నర. అంటే 43 లీటర్ల రసానికి ఒక లీటరు సిరప్. ఈ లెక్కకే మేపుల్ రైతులు ఒక అడ్డదారి వాడతారు: 86ని రసంలోని చక్కెర శాతంతో భాగిస్తే చాలు. వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి చెందిన జోన్స్ పేరు మీద ప్రచారంలోకి వచ్చిన సూత్రమిది. మీ చెట్టు 3 శాతం ఇస్తే 29 లీటర్లు చాలు, 1.5 శాతమే ఇస్తే 57 లీటర్లు కావాలి. ఒకటిన్నర శాతం తేడాకు పని ఎంత మారుతుందో చూశారుగా.

అనకాపల్లి వైపు బెల్లం వండటం చూసినవాళ్లకు ఒక అనుమానం వస్తుంది. అక్కడ పెద్ద పెనంలో చెరకు రసం పోసి గంటల్లో బెల్లం దింపేస్తారు కదా, ఇక్కడెందుకింత హంగామా అని. చెరకు రసంలో చక్కెర 18 శాతం దాకా ఉంటుంది, అంటే కిలో చక్కెరకు ఐదారు లీటర్ల రసం సరిపోతుంది. మేపుల్‌లో అదే కిలోకు 50 లీటర్లు కావాలి. పైగా అక్కడ ఎండిన చెరకు పిప్పే వంటచెరకు. ఇక్కడ చెట్టు రసమే ఇస్తుంది, కట్టెలు మనం చూసుకోవాలి.

కట్టెలు ఎంత? లీటరు నీటిని 5 డిగ్రీల చల్లదనం నుంచి మరుగుకు తెచ్చి పూర్తిగా ఆవిరి చేయడానికి సుమారు 2.65 మెగాజౌళ్ల వేడి కావాలి. మెగాజౌల్ వేడికి కొలమానం. 3.6 మెగాజౌళ్లు ఒక కరెంటు యూనిట్. 42 లీటర్లకు 110 మెగాజౌళ్లు, అంటే 30 యూనిట్ల పైచిలుకు. ఒక్క వాటు కూడా వృథా కాకుండా ఉంటేనే ఇది. గ్యాస్ మీద పెడితే వేడిలో సగం గిన్నె పక్కల నుంచి పోతుంది కాబట్టి లీటరు సిరప్‌కు 5 కిలోల దాకా గ్యాస్ కాలుతుంది. మన ఊళ్లో ఇంటికొచ్చే 14.2 కిలోల సిలిండర్‌కు మూడు లీటర్ల సిరప్. అమెరికాలో గ్రిల్‌కు పెట్టే 20 పౌండ్ల సిలిండర్‌కు రెండు లీటర్లు కూడా రాదు. కట్టెలైతే, ఆరుబయట పొయ్యిలో మూడో వంతు వేడే పాన్‌కు అందుతుందనుకుంటే, లీటరు సిరప్‌కు 20 కిలోల ఎండు కట్టెలు పడతాయి. పచ్చి కట్టెలైతే లెక్క చెప్పడం కూడా దండగ. వాటి వేడి వాటి తడి ఆరడానికే పోతుంది.

వంటింట్లో పెద్ద గిన్నె పెట్టి కాచుకుంటే కుదరదా? కుదురుతుంది, కానీ ఓపిక కావాలి. మామూలు అమెరికన్ గ్యాస్ పొయ్యి బర్నర్ గంటకు లీటరున్నర నీటినే ఆవిరి చేయగలదు. లీటరు సిరప్‌కు 25 గంటలకు పైమాటే. ఆ 42 లీటర్ల ఆవిరీ ఇంట్లోనే గోడల మీద, కిటికీల మీద నీరై దిగుతుంది. వాల్‌పేపర్ ఊడి రావడం ఈ ప్రాంతంలో అందరూ చెప్పుకునే కథే. కొద్దిపాటి రసంతో చేసే సరదా ప్రయోగానికైతే పర్వాలేదు గానీ, అంతకు మించితే పొయ్యి బయటే.

ఇప్పుడు పాన్ సంగతి. నీరు ఆవిరయ్యేది పైతలం నుంచి, వేడి అందేది అడుగు నుంచి. రెండూ వెడల్పు మీదే ఆధారపడతాయి, లోతు మీద కాదు. పొయ్యి బాగా మండుతుంటే చదునైన పాన్ చదరపు అడుగుకు గంటకు ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్లు ఆవిరి చేస్తుందని ఒక మోటు లెక్క. పెరటి పొయ్యిల్లో 2.5 నుంచి 3 లీటర్లు వస్తే బాగున్నట్టే. గుర్తు పెట్టుకోవడానికి తేలికైన లెక్క ఒకటి చెబుతాను: పాన్‌లో మట్టం ఒక సెంటీమీటరు దిగిందంటే చదరపు అడుగుకు లీటరు పోయినట్టు. ఖచ్చితంగా అయితే 930 మిల్లీలీటర్లు. ఇది చిన్న పాన్‌కూ పెద్ద పాన్‌కూ ఒకటే. గంటకు మూడు సెంటీమీటర్లు దిగుతుంటే మీ పొయ్యి బాగుంది, ఒకటిన్నరే దిగుతుంటే లోపం పొయ్యిలోనో కట్టెల్లోనో ఉంది. పాన్ మార్చి ప్రయోజనం లేదు.

ఈ లెక్కతో మీ పాన్ సైజు మీరే తేల్చుకోవచ్చు. పది ట్యాపులు పెట్టారనుకుందాం. ట్యాప్ అంటే చెట్టుకు పెట్టిన బెజ్జం, దానికి బిగించిన చిన్న గొట్టం. ఒక్కో ట్యాపు సీజన్ మొత్తానికి సుమారు 10 గ్యాలన్లు, 38 లీటర్లు ఇస్తుంది. పదింటికి 380 లీటర్లు, వచ్చే సిరప్ 9 లీటర్లకు కాస్త తక్కువ. కానీ ఇది రోజూ సమానంగా రాదు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లోనే కారుతుంది, అలాంటి మంచి రోజున ట్యాపుకు 4 లీటర్లు వస్తుంది. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు వారమంతా పోగుచేసి శనివారం కాస్తారు. అలా పోగైంది 100 లీటర్లనుకోండి. పొద్దున్న మొదలుపెట్టి ఎనిమిది గంటల్లో తేల్చాలంటే గంటకు 12.5 లీటర్లు పోవాలి. చదరపు అడుగుకు 3 చొప్పున నాలుగు చదరపు అడుగుల పైన చాలు. ట్యాపులు, తీరిక గంటలు మీవి వేసుకుని ఇదే వరసలో భాగించుకోండి. రసం మాత్రం నీడలో, మంచులో పెట్టి 4 డిగ్రీల లోపు ఉంచాలి, వీలైనంత త్వరగా కాచాలి. నిలవ ఉంటే పాలలాగే చెడుతుంది, చెడే ముందే సిరప్ రంగు ముదురుతుంది.

మరి ఎందుకైనా మంచిదని ఎనిమిది చదరపు అడుగుల పాన్ కొనేస్తే? ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. పాన్‌లో మట్టం ఎప్పుడూ రెండున్నర సెంటీమీటర్ల కిందికి పోకూడదు. అంతకన్నా పలచబడితే ఏదో ఒక మూల అడుగు బయటపడి, చక్కెర మాడి, పాన్ వంకర పోతుంది. రెండడుగులు నాలుగడుగుల పాన్‌లో ఆ రెండున్నర సెంటీమీటర్లే 18 లీటర్లు. మీ 100 లీటర్ల రసం 18 లీటర్లకు చేరేసరికి అది ఇంకా పదకొండు శాతం తీపి దగ్గరే ఉంటుంది. సిరప్‌గా మారితే అది 2.3 లీటర్లే, ఆ పాన్‌లో పరిస్తే మూడు మిల్లీమీటర్ల మందం. అంటే పెద్ద పాన్ మీద కాచడం మొదలుపెట్టగలరు గానీ ముగించలేరు. మిగిలిన 18 లీటర్లు మళ్లీ ఇంట్లో స్టవ్ ఎక్కాల్సిందే.

అందుకే పది ట్యాపుల వాళ్లకు నా ఓటు హోటల్ పాన్లకు. పెళ్లి బఫేల్లో అన్నం, కూరలు వేడిగా ఉంచడానికి వాడే దీర్ఘచతురస్రపు స్టీలు పాన్లే ఇవి. పూర్తి సైజువి 12 అంగుళాలు 20 అంగుళాలు ఉంటాయి, అడుగు కాస్త సన్నబడుతుంది కాబట్టి ఒక్కోటి ఒకటిన్నర చదరపు అడుగనుకోండి. ఆరంగుళాల లోతువి మూడు తీసుకుంటే నాలుగున్నర చదరపు అడుగులు, మన లెక్కకు సరిపోయింది. లోతు నురుగు పొంగకుండా, రసం నింపడానికి కాదు. అంచు దాకా నింపితే ఒక్కోదాంట్లో దాదాపు 20 లీటర్లు పడుతుంది, కానీ నాలుగైదు సెంటీమీటర్లకు మించి పోయకండి. వీటిలో అసలు లాభం చివర్లో తెలుస్తుంది. రసం తగ్గుతున్నకొద్దీ మూడు పాన్లది రెండింట్లోకి, రెండింటిది ఒకదాంట్లోకి చేర్చుకుంటూ పోవచ్చు. ఖాళీ అయిన పాన్లలో మంచినీళ్లు పోసి పొయ్యి మీదే ఉంచాలి, ఉత్త పాన్ మంట మీద వదిలితే పాడైపోతుంది. చివరి పాన్‌లో రెండున్నర సెంటీమీటర్లంటే మూడున్నర లీటర్లు. అప్పటికి తీపి 45 శాతం దాటి ఉంటుంది. ఇంట్లోకి తెచ్చుకుని ఆవిరి చేయాల్సింది లీటరున్నర లోపే. దానికి వాల్‌పేపర్ ఏమీ కాదు.

లోపల అడ్డుగోడలున్న పాన్లు చూసి మనసు పడేవాళ్లుంటారు. వాటిలో ఒక చివర పచ్చి రసం పడుతుంటే, మెలికలు తిరుగుతూ చిక్కబడుతూ రెండో చివరకు సిరప్ చేరుతుంది, కుళాయి తిప్పి తీసుకోవడమే. నిజంగా అందమైన ఏర్పాటు. కానీ ఎనిమిది చదరపు అడుగుల అలాంటి పాన్‌లో నాలుగు సెంటీమీటర్ల మట్టానికి 30 లీటర్లు ఎప్పుడూ ఉండాలి. సగటున 20 శాతం తీపి వేసుకున్నా అందులో ఆరు కిలోల పైన చక్కెర చిక్కుకుని ఉంటుంది, ఏడు లీటర్ల సిరప్‌కు సరిపడేంత. మీ పది ట్యాపులు సీజనంతా ఇచ్చేదే తొమ్మిది లీటర్లు. అంటే కుళాయి తిప్పే భాగ్యం సీజన్ చివరిదాకా దక్కదు. యాభై ట్యాపులు దాటినప్పుడు ఆలోచించండి. అడుగున మంటలోకి దిగే లోతైన గాళ్లున్న ఫ్లూ పాన్లు వందల ట్యాపుల వాళ్లవి. గాళ్ల వల్ల వేడి తగిలే వైశాల్యం పెరిగి ఆవిరి వేగం బాగా పెరుగుతుంది, కానీ ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

ఏ లోహం? స్టెయిన్‌లెస్ స్టీలు, 304 రకం, 22 గేజ్. అంటే 0.8 మిల్లీమీటర్ల మందం. రాగిదైతే ఇంకా త్వరగా కాగదా అని అడుగుతారు. రాగి స్టీలు కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని దాటిస్తుంది, నిజమే. కానీ అంత పలచని స్టీలు రేకులో వేడి దాటడానికి పైకీ కిందికీ ఉండాల్సిన తేడా డిగ్రీన్నర మించదు. అసలు అడ్డంకి మంటకూ రేకుకూ మధ్య ఉన్న గాలిపొర, దాన్ని రాగి మార్చలేదు. ఆ డబ్బుతో ఎండు కట్టెలు కొనండి. గాల్వనైజ్డ్ రేకు, అంటే జింకు పూతది, వద్దు. యార్డ్ సేల్‌లో పాత పాన్ చవకగా దొరికితే అతుకులు చూడండి. పాతవాటిని సీసం కలిసిన టంకంతో అతికేవారు. వెల్డింగ్ కాకుండా బూడిద రంగు టంకం గీత కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి.

పొయ్యికి సిండర్ బ్లాకులు చాలు, ఒకటి రెండు సీజన్లకు పగుళ్లు వస్తాయి, మార్చుకుంటారు. లోపలి వైపు ఫైర్ బ్రిక్ పేరిస్తే ఎక్కువ కాలం మన్నుతాయి. ముందు మంట పెట్టే చోటు లోతుగా ఉండాలి, వెనక్కి పోయేకొద్దీ కింద ఇసుకో ఇటుకలో వేసి ఎత్తు పెంచాలి. వెనక పాన్ కింద నాలుగైదు సెంటీమీటర్ల సందే మిగిలితే మంట అడుగును రాసుకుంటూ పోతుంది. ఈ ఒక్క మార్పుతో గంటకు దిగే మట్టం ఎంత పెరుగుతుందో మీరే స్కేలు పెట్టి చూసుకోవచ్చు. కట్టెలు పేర్చే చోట కింద జాలీ, దాని కింద గాలి వచ్చే సందు ఉండాలి. పొగగొట్టం వెనక చివరన, పాన్ల వరస పొడవుకు కనీసం రెండింతల ఎత్తు. పాన్ల మధ్య సందుల్లో సెరామిక్ ఫైబర్ పట్టీ కుక్కాలి, లేదంటే పొగ సిరప్‌లోకి, వేడి ఆకాశంలోకి పోతాయి. కట్టెలు మణికట్టు మందం చీల్చి, పది నిమిషాలకోసారి కొద్దికొద్దిగా వేయాలి. లావు దుంగ ఒక్కసారి వేస్తే మరుగు ఆగిపోతుంది.

మట్టం సరిచూడటానికి రసమట్టం (స్పిరిట్ లెవెల్) కన్నా నీళ్లే నమ్మకం. పాన్ పెట్టాక మూడు సెంటీమీటర్లు నీళ్లు పోసి నాలుగు మూలలా స్టీలు స్కేలు ముంచండి. మూలకూ మూలకూ అర సెంటీమీటరు తేడా ఉందంటే, ముందు ముందు ఆ ఎత్తు మూలే మాడుతుంది. కింద పలచని స్టీలు రేకు ముక్కలు పెట్టి సరిచేయండి. కొత్త పాన్‌కు ఫ్యాక్టరీ నూనె అంటుకుని ఉంటుంది కాబట్టి రసం రాకముందే, జనవరిలోనో ఫిబ్రవరి మొదట్లోనో, కాస్త వెనిగర్ కలిపిన నీళ్లతో ఒకసారి మరిగించి పారబోయండి. తర్వాత మంచినీళ్లతో ఒక గంట పూర్తి మంట పెట్టి ఎన్ని సెంటీమీటర్లు దిగిందో రాసుకోండి. రసం వచ్చిన రోజు ఎన్నింటికి పని అయిపోతుందో ఆ ఒక్క అంకె చెబుతుంది.

కాస్తున్నప్పుడు చల్లటి రసాన్ని చెంబులతో గుమ్మరించకండి. చల్లటి లీటరును మరుగుకు తేవడానికే మొత్తం వేడిలో 15 శాతం పోతుంది, పైగా మరుగు ఆగి ఐదు నిమిషాలు దండగ. పక్కన చిన్న గిన్నెలో వెచ్చబెట్టి, అడుగున సన్నటి బెజ్జం ఉన్న డబ్బాలోంచి ధారగా పడనివ్వండి. నాలుగు సెంటీమీటర్ల మట్టంతో, గంటకు మూడు సెంటీమీటర్ల వేగంతో, ధార ఆగిపోతే ప్రమాదపు గీతకు చేరడానికి మీకున్న సమయం అరగంట. అంటే ఇండియా నుంచి ఫోన్ వస్తే పొయ్యి దగ్గరే కూచుని మాట్లాడాలి, లోపలికి వెళ్లడానికి లేదు. నురుగు పొంగితే ఒక్క చుక్క నూనె, గోరంత వెన్న. అంతకన్నా ఎక్కువ వేస్తే రుచి తెలిసిపోతుంది.

చివరి దశ ఇంట్లో, మందపాటి గిన్నెలో. ఆ రోజు మీ ఇంట్లో నీరు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతోందో ముందు థర్మామీటర్‌తో చూసుకోండి, ఎందుకంటే వాతావరణ పీడనాన్ని బట్టి అది మారుతుంది. దానికి 4 డిగ్రీల సెల్సియస్ పైన, అమెరికన్ థర్మామీటర్‌లో 7 ఫారన్‌హీట్ డిగ్రీల పైన సిరప్ అయినట్టు. తీగపాకం కోసం చూశారంటే గీత దాటినట్టే, సీసాలో గడ్డలు కడుతుంది. వేడిగా ఉండగానే ఫెల్ట్ గుడ్డలో వడకట్టాలి. అడుగున మిగిలే ఇసుకలాంటి బూడిద మడ్డిని ఇక్కడివాళ్లు షుగర్ సాండ్ అంటారు. చెట్టు నుంచి వచ్చిన ఖనిజమే, హానికరం కాదు, కానీ పాన్‌కు పొరలా అంటుకుని వేడిని ఆపుతుంది. వెనిగర్ నీళ్లు రాత్రంతా నిలవ ఉంచితే వదులుతుంది. స్టీలు పీచు పెట్టి రుద్దితే గీతలు పడి మరుసటిసారి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

మరుసటి ఏడాది ఇరవై ట్యాపులు పెట్టాలనిపిస్తే పాన్ పెంచే ముందు ఆర్.ఓ. ఫిల్టర్ గురించి ఆలోచించండి. ఇంట్లో మంచినీళ్లకు వాడే రకం పొరలతోనే పెరటి స్థాయి పరికరాలు అమ్ముతారు. వాటితో కొంత నీటిని ముందే వేరుచేసి 2 శాతం రసాన్ని 4 శాతం చేస్తే 200 లీటర్లు కాస్తా 100 లీటర్లవుతాయి. అదే మూడు హోటల్ పాన్లు, అదే ఎనిమిది గంటలు, సిరప్ రెట్టింపు. అయితే రసం చిక్కగా మొదలవుతుంది కాబట్టి పాన్లను కలుపుకునేటప్పుడు ఒకదాంట్లోకి కాకుండా రెండింటి దగ్గరే ఆపాలి, లేకపోతే ఆఖరి పాన్‌లో అనుకున్నదానికంటే ముందే సిరప్ అయిపోయి మాడుతుంది.